దారం కట్టిన వైరు

"బాగుచేయించుకుంటావా, కొత్తది కొనుక్కుంటావా?"

రిపేరు షాపు బాబాయ్ అందరినీ అడిగే మొదటి మాట అదే. వస్తువు ముట్టుకోకముందే అడుగుతాడు. ఆమె సంచీలోంచి డ్రిల్లు తీసి బల్ల మీద పెట్టింది.

ఇళ్ళల్లో, ఆఫీసుల్లో గోడలకి అరలు, అద్దాలు బిగించడం ఆమె పని. మధ్యాహ్నం రెండింటికి ఒక క్లినిక్కులో పద్దెనిమిది రంధ్రాలు వెయ్యాలి. ఇప్పుడు పదకొండు కావస్తోంది. పొద్దున్నించీ డ్రిల్లు తిరగడం లేదు.

"కొత్తదే కొందామని ఉంది బాబాయ్. అన్నయ్య ఒప్పుకోడు. సాయంత్రం షాపు కట్టేశాక తనే చూస్తాడట. మా ఇంట్లో ఏ వస్తువూ అంత తేలిగ్గా చావదు. అన్నయ్య చావనివ్వడు."

"ఎలక్ట్రీషియనా?"

"టైలరు."

బాబాయ్ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అన్నయ్య బట్టలు కుట్టినంత శ్రద్ధగా మిక్సీలూ కుడతాడని ఇంట్లో ఎప్పుడూ ఉండే వేళాకోళమే. ఆరేళ్ళ క్రితం ఈ డ్రిల్లు వైరు తెగిపోతే కొత్త వైరు వేసింది అతనే. ఆ రోజునుంచి నిన్నటి దాకా ఒక్కసారి కూడా మొండికెయ్యలేదు.

బాబాయ్ ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. డ్రిల్లు పిడి ప్లాస్టిక్కు, ముందు భాగం ఇనుము. ఇనుము మీద చెయ్యి వేసేముందు టెస్టరు ఆనించాడు. నలభై ఏళ్ళ అలవాటు.

టెస్టరులో లైటు వెలిగింది.

"వెనక్కి జరుగు" అన్నాడు.

"ఏమైంది?"

"జరగమన్నానా!"

ఆమె జరిగింది. బాబాయ్ స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, అప్పుడు ఊపిరి వదిలాడు. "దీన్ని పొద్దున ఎలా పట్టుకున్నావు?"

రెండు చేతులతో పట్టుకుంది. తిరగకపోతే ముందు భాగం మీద అరచేత్తో నాలుగు దెబ్బలు కూడా వేసింది. చెయ్యి చిమచిమలాడింది. రాత్రి చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నానేమో అనుకుంది. కాళ్ళకి రబ్బరు చెప్పులు ఉన్నాయి. నిలబడింది ప్లాస్టిక్ స్టూలు మీద. ఆ సంగతే బాబాయ్‌కి చెప్పింది.

బాబాయ్ స్క్రూలు విప్పి లోపల చూపించాడు. లోపలికి వచ్చే వైర్లు మూడు. కరెంటు తెచ్చేది ఎరుపు. తిరిగి పట్టుకెళ్ళేది నలుపు. మూడోది పచ్చ, ఎర్తు. యంత్రం ఒంట్లోకి కరెంటు దిగితే దాన్ని నేలలోకి పంపడం దాని పని. ఇక్కడ పచ్చ వైరు స్విచ్చికి ఉంది. ఎర్ర వైరు ఇనుప ఒంటికి బిగించి ఉంది.

"పనితనానికి వంక పెట్టలేం. మెలిక చూడు, ఎంత గట్టిగా వేశాడో. కాకపోతే ఎర్ర వైరుని నీ చేతికిచ్చాడు."

"మరి ఆరేళ్ళు ఎలా తిరిగింది?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. ఈ మధ్య ఎవరైనా ముట్టుకున్నారా?"

"నిన్న నేనే ప్లగ్గు మార్చా. పాతది మాడిపోయింది. ఎరుపు కరెంటుకి, పచ్చ పెద్ద ఎర్తు పిన్నుకి. నాకు తెలుసు బాబాయ్, సరిగ్గానే ఇచ్చా."

బాబాయ్ పచ్చ వైరు పైకెత్తాడు. దాని మెడకి తెల్ల దారం మూడు చుట్లు చుట్టి, ముడి వేసి ఉంది. "పాత ప్లగ్గు దగ్గర కూడా ఇలాంటి దారం ఉందా?"

ఉంది. అన్నయ్య చేసిన ప్రతిదానికీ ఎక్కడో ఒకచోట దారం ముక్క ఉంటుంది. టైలరు జేబులో దారం కాక ఇంకేం ఉంటుందని ఎవరూ పట్టించుకోలేదు. వైరు చివర అంగుళం కత్తిరించినప్పుడు ఆ ముడి కూడా చెత్తబుట్టలోకి పోయింది.

"అదీ సంగతి. అటు దారం ఉన్న వైరుకే కరెంటు, ఇటూ దారం ఉన్న వైరుకే. రెండు చివర్లా ఒకే తిరకాసు కాబట్టి ఆరేళ్ళు తిరిగింది, నువ్వు ఒక చివరే మార్చావు. మీ అన్న రంగు చూడలేదు, దారం చూశాడు. నువ్వు దారం చూడలేదు, రంగు చూశావు. ఎవరి పని వాళ్ళు సరిగ్గానే చేశారు." ఎర్ర వైరు పక్కన పచ్చ వైరు పెట్టి చూపించాడు. "ఎరుపూ పచ్చా అతనికి ఒకేలా కనిపిస్తాయేమో, ఎప్పుడైనా అడిగారా?"

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

అన్నయ్య షాపులో దారపు రీళ్ళన్నిటికీ కాగితం ముక్కలు అంటించి ఉంటాయి. ఎరుపు, పచ్చ, గోధుమ. ఎంత పద్ధతి అని అమ్మ వచ్చినవాళ్ళకల్లా చెప్పుకుంటుంది. టమాటాలు తెమ్మంటే ఒక్కొక్కటీ వేలితో నొక్కి ఏరుతాడు. ముప్ఫై నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఆమె వీటిలో ఒక్కటీ చూడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నిన్న కొన్నది ఒక ప్లగ్గు కాదు, రెండు. రెండోది ఇస్త్రీ పెట్టెకి వేసింది. దాని వైరు కూడా అన్నయ్య వేసిందే. ఆ చివర కూడా దారం కత్తిరించింది.

అమ్మ వంటయ్యాక ఇస్త్రీ పెట్టె తీస్తుంది. ఇంట్లో చెప్పులు వేసుకోదు.

ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. బాబాయ్ తన స్కూటరు తాళం తీసి బల్ల మీద పెట్టాడు. మూడోసారికి అమ్మ ఎత్తింది.

"ఏంటే, నిప్పంటుకున్నట్టు ఆ చెయ్యడం? బాత్రూంలో ఉన్నా."

"ఇస్త్రీ పెట్టె ముట్టుకున్నావా?"

"నేనూ అదే చెబుదామనుకున్నా. ఏం ప్లగ్గు వేశావో ఏమో, పావుగంట నుంచీ చల్లగా ఉంది. నీళ్ళు చిలకరిస్తే చుయ్యి మనలేదు. చెయ్యి పెట్టి చూస్తా ఉండు..."

"ముట్టుకోకు!"

రోడ్డు మీద పోతున్న ఇద్దరు ఆగి చూశారు.

"గోడ స్విచ్చి ఆపు. ఆపావా? పెట్టె జోలికి వెళ్ళకు. నడిచి, గోడ దగ్గరికి వెళ్ళి, స్విచ్చి ఆపు."

టక్ మని వినిపించింది. "ఆపాను. చెవి పగిలిపోయింది. అన్నయ్య చేసిన వస్తువే, ఏమవుతుందే?"

"ఇంటికొచ్చాక చెబుతా" అని ఫోను పెట్టేసింది. బాబాయ్ మంచినీళ్ళు ఇచ్చాడు. సగం చీర మీద పడ్డాయి.

తర్వాత అన్నయ్యకి చేసింది. కుట్టు మిషను చప్పుడు వినిపిస్తోంది.

"అన్నయ్యా, నిన్న డ్రిల్లుకీ ఇస్త్రీ పెట్టెకీ ప్లగ్గులు మార్చా."

మిషను ఆగింది.

"దారం ఉంచావా, కత్తిరించావా?"

డ్రిల్లు ఏమైందని అడగలేదు. రంగుల సంగతి ఇక అడగాల్సిన పని లేకపోయింది.

"కత్తిరించా."

"అమ్మ?"

"బాగానే ఉంది. నేనూ బాగానే ఉన్నా. ఎందుకు చెప్పలేదు?"

కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు వినిపించింది. "రెండో క్లాసులో చెట్టు బొమ్మ వేశా. ఆకులన్నీ ఎర్రగా ఉన్నాయని ఇంటిల్లిపాదీ నవ్వారు. నువ్వైతే నేల మీద పడి దొర్లావు. అప్పుడు నీకు నాలుగేళ్ళు."

"నాకు గుర్తులేదు."

"నాకుంది."

ఫోను పెట్టేసరికి బాబాయ్ స్క్రూడ్రైవరు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. "మోటారుకేం కాలేదు, ఇంకో పదేళ్ళు తిరుగుతుంది. కానీ భయం పట్టుకుంటే కొత్తదే కొనుక్కో, నేనేం అనను."

కొత్తది కొంటే ఈ రోజు గడుస్తుంది. ఇంట్లో మిక్సీ ఉంది, నీళ్ళ మోటారు ఉంది, రెండు ఫ్యాన్లున్నాయి. అన్నిటికీ దారాలున్నాయి. అవి చెడినా అన్నయ్య ఇక చెయ్యి వెయ్యడు. అతని గొంతు విన్నాక ఆమెకి అది తెలిసిపోయింది.

"బాగుచెయ్యి బాబాయ్. రంగు ప్రకారమే బిగించు."

బాబాయ్ వైర్లు మార్చాడు. పచ్చ వైరు మెడ నుంచి దారం విప్పి పారెయ్యబోతుంటే ఆమె చెయ్యి చాపింది.

"అది ఎరుపుకి కట్టు. రెండు చివర్లా."

"రంగు ఉండగా దారమెందుకమ్మా?"

"రంగు నాకు. దారం మా అన్నయ్యకి."