టీకాను దాచుకున్న మనిషి

కొత్తవాడలో జంపఖానాల దుకాణం నడిపే సారంగపాణికి కిడ్నీలు పనిచేయడం మానేసి మూడేళ్లు దాటింది. మంగళ, గురు, శనివారాలు పొద్దున్నే హన్మకొండలోని డయాలసిస్ సెంటర్‌కి పోయి, గోడవారగా ఉన్న బెడ్డు మీద పడుకుని, ఎడమచేతిని మిషన్‌కి అప్పజెప్తాడు. రక్తం ఒక గొట్టంలోంచి బయటికి పోతుంది, శుభ్రపడి ఇంకో గొట్టంలోంచి లోపలికి వస్తుంది. అంతసేపూ కళ్లు మూసుకుని, ఒంట్లోంచి ఏమేం పోతున్నాయో ఆలోచిస్తుంటాడాయన.

తాగిన నీళ్లు పోతాయి. తిన్న ఉప్పు పోతుంది. పొద్దున వేసుకుంటే బీపీ గోలీ కూడా పోతుంది. "మిషన్ అయినంక ఏస్కో కాకా. ముందుగాల ఏస్కుంటే మిషన్ గుంజుకపోతది" అని టెక్నీషియన్ గోపాల్ మొదట్లోనే చెప్పాడు. ఆ మాట ఎక్కడో లోతున దిగబడింది. రానురాను సారంగపాణి తననొక మనిషిగా కాక, రెండు వైపులా తెరిచిన గొట్టంలా చూసుకోవడం మొదలుపెట్టాడు. ఏదొచ్చినా నిలిచేది కాదు. ఎవరైనా ప్రేమగా మాట్లాడినా ఇది కూడా ఎల్లుండి దాకానే అనిపించేది. ఈ సంగతి భార్య వరలక్ష్మికి ఎన్నడూ చెప్పలేదు. చెప్పడానికి అదొక నొప్పి కూడా కాదు.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఆ ఎండాకాలం, ఎదుటి బెడ్డు యాకయ్య ఒక గురువారం రాలేదు. "ఊరికి పోయిండు" అన్నాడు గోపాల్, గొట్టాలు సర్దుతూ తలెత్తకుండా. కొన్నాళ్లకు కిటికీ పక్కన పడుకునే ఆమె కూడా ఊరికి పోయింది. మిషన్ మీదున్నవాళ్ల గుండె జారిపోకూడదని గోపాల్ వాడే మాట అది. దాని అర్థం అందరికీ తెలిసిపోయింది. తెలిసినట్టు ఎవరూ బయటపడలేదు.

అప్పటికే టీకాలు వేస్తున్నారు. కిడ్నీ పేషెంట్లు తప్పకుండా వేయించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది గానీ, వార్డులో ఒక్కరూ కదల్లేదు. పక్క బెడ్డు మొగిలమ్మ సారంగపాణికి ఒక దారి చూపించింది. ఆమెది పర్వతగిరి వైపు ఊరు, జీవితమంతా కూలిపని చేసిన మనిషి.

"ముందుగాల నువ్వు ఏస్కో సావుకారి. నీకేం గాకపోతే నేను ఏస్కుంట."

"అంటే నా పానం మీదికెల్లి నువ్వు దాటుతవన్నట్టు."

"మరి? సదువుకున్నోనివి. గంత సాయం జెయ్యవా?"

"శుక్రవారం ఏస్కుంట" అని నవ్వేశాడాయన. ఆ శుక్రవారం సుబేదారిలోని టీకా సెంటర్‌లో వేయించుకున్నాడు. ఎడమది మిషన్ చెయ్యి, దానికి సూది పొడవకూడదని చెప్తే, సిస్టర్ కుడిచేతికి వేసింది.

ఇంటికొచ్చి మంచం మీద వాలాక, భుజంలో సన్నగా నొప్పి మొదలైంది. విచిత్రంగా ఆ నొప్పి ఆయనకి నచ్చింది. వేలితో నొక్కి చూసుకున్నాడు. ముక్కూ మొహం తెలియనివాళ్లెవరో ఎక్కడో కూర్చుని దీన్ని తయారుచేశారు. ఇంకెవరో మంచుపెట్టెలో పెట్టి ఇంతదూరం మోసుకొచ్చారు. జంపఖానాల సారంగపాణి అనేవాడొకడు ఉన్నాడని వాళ్లకి తెలియదు, అయినా ఆయన కోసం పంపారు. మంచం మీద నుంచే వాళ్లకి దండం పెట్టుకున్నాడు.

వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. రేపు శనివారం.

రేపు మిషన్ దీన్ని కూడా గుంజుకుపోతుంది.

ఎవరినైనా అడిగితే ఒక్క మాటలో తేలిపోయేది. కానీ అడగాలంటే భయం. అవునంటే? చేతికొచ్చింది చేజారిపోతుందని వినడం కన్నా వినకుండా దాచుకోవడమే నయమనిపించింది. ఒక్క శనివారం పోకపోతే ఏమవుతుంది? మంగళవారానికి మందు ఒంట్లో కుదురుకుంటుంది. నీళ్లు తగ్గిస్తే సరి.

తెల్లారి భార్యతో, "మిషన్లు ఖరాబైనయట. మంగళవారం రమ్మన్నరు" అన్నాడు. గోపాల్ ఫోన్ చేస్తే దుకాణం బయటికి వచ్చి, "ఊర్ల ఉన్న గోపాల్. సుట్టాల కాడ అర్జంటు పనిబడ్డది" అన్నాడు.

"మిషన్ మానొద్దు కాకా! తెల్సు గదా నీకు?"

"మంగళారం వస్త. ఫికర్ జెయ్యకు."

ఆదివారం కాళ్లు పొంగాయి. పెదాలు తడుపుకుని సరిపెట్టుకున్నాడు. సోమవారం పొద్దుటికి పడుకుంటే ఊపిరాడ్డం లేదు. కుర్చీలో ముందుకు వంగి కూర్చుని, గ్యాసని భార్యకి చెప్పాడు. తన పట్టుదల మీద తనకే కొంచెం గర్వం కూడా కలిగింది. మూడేళ్ల తర్వాత మొదటిసారి ఏదో ఒకటి తనలో నిలిచింది.

అప్పుడు ఫోన్ మోగింది. పిండి చేతులతో ఉన్న వరలక్ష్మి మోచేత్తో స్పీకర్ నొక్కింది.

"జంపఖానల సావుకారి ఇల్లేనా బిడ్డా? నేను మొగిలమ్మను. మిషన్ కాడ పక్క బెడ్డు మీద పండుకునేదాన్ని. గీ నంబరు మీ దుకాణం సంచి మీద ఉంటే చేయించిన."

"చెప్పు అవ్వా."

"ఏం చెప్పాలె బిడ్డా!" అవతల మొగిలమ్మ ముక్కు చీదింది. "ఎంత మంచిగుండె మనిషి! ముందుగాల నువ్వు ఏస్కో అని నేనే అంటి. నా నోరు పడిపోను. నాకు కాళ్లు గుంజుకపోయి ఒర్రుతాంటే ఎన్నిసార్లు సిస్టర్‌ను పిల్సిండో. సలివెడితే తన దుప్పటి నా మీద కప్పిపిచ్చిండు. గా సూదే తీస్కపోయింది బిడ్డా. ఇగ మా వార్డుల ఎవ్వలం ఏస్కోం."

"ఎవలను తీస్కపోయింది? ఏం మాట్లాడుతానవ్ అవ్వా?"

"ఊరికి పోయిండని గోపాల్ సారు శనివారమే చెప్పిండు గద."

"ఊరికేడ పోయిండు? ఇండ్లనే ఉన్నడు. మీ మిషన్లు ఖరాబైనయట గద?"

"ఖరాబా? శనివారం మేమందరం మిషన్ ఎక్కితిమి గద బిడ్డా."

వరలక్ష్మి మెల్లగా వెనక్కి తిరిగి భర్తని చూసింది. ఆ చూపుని తప్పించుకోవడానికి ఆయన దగ్గర ఊపిరి లేదు.

"ఉన్న అక్కా" అన్నాడు ఎగశ్వాసతో. "బతికే ఉన్న."

"ఓ అవ్వో! ఎవలు మాట్లాడుతాన్రు?" అని ఫోన్‌లోంచి మొగిలమ్మ కేక వినిపించింది.

వరలక్ష్మి ఏడవలేదు, తిట్టలేదు. పిండి చేతులతోనే ఆటో పిలిచింది. దారి పొడుగునా ఆయన చొక్కా వీపు దగ్గర గుప్పిట్లో పట్టుకునే కూర్చుంది, వదిలితే జారిపోతాడన్నట్టు.

సోమవారం బ్యాచ్‌లో ఎలాగో ఒక మిషన్ సర్దారు. ఆక్సిజన్ పెట్టారు. కాసేపటికి ఛాతీ మీది బరువు కొద్దికొద్దిగా తగ్గింది. ఊపిరి లోపలికి పోవడం ఇంత తీపిగా ఉంటుందని ఆయన మరిచిపోయాడు. మాట వచ్చాక ఎందుకు మానేశాడో చెప్పాడు, పిల్లాడు తప్పు ఒప్పుకున్నట్టు కాదు, పోగొట్టుకున్నదాని గురించి చెప్పినట్టు.

"ఇప్పుడు గది గూడ పోతాంది కావచ్చు గోపాల్."

గోపాల్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కోపంగా మొదలుపెట్టబోయి ఆగిపోయాడు.

"గుంజుకపోతదన్న మాట నేనే చెప్పిన. గోలీ గురించి చెప్పిన కాకా, సూది గురించి చెప్పకపోతిని. సూది మందు రక్తంల తిరిగెటందుకు కాదు. నీ భుజం కండల పడ్డది, ఒంటికి ఒక పాఠం చెప్తది. గా నేర్సుకున్నదాన్ని ఏ మిషనూ గుంజదు. మీ అసోంటోళ్ల ఒళ్లు జర మెల్లగ నేర్సుకుంటది, అందుకే రెండో సూది గూడ పడాలె. గని బతికి ఉండాలె గద, నేర్సుకోవాల్నంటే!"

సారంగపాణి గొట్టంలో పోతున్న ఎర్రటి ధారని చూశాడు. గోపాల్ చెప్పిందానికన్నా మొగిలమ్మ ఫోన్‌లో చెప్పిందే ఆయన లోపల తిరుగుతోంది. ఎప్పుడు కప్పించాడు ఆ దుప్పటి? ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు. తనలోంచి తనకి తెలియకుండానే పోయినదేదో ఇంకో బెడ్డు మీద చేరి ఇన్నాళ్లూ అక్కడే ఉంది. పోవడానికి ఇన్నాళ్లూ తను ఒక్క అర్థమే ఉందనుకున్నాడు.

గోపాల్ లేచి వెళ్తుంటే, "జర ఊరికి పోయిండనే మాట బంద్ జెయ్యి" అన్నాడు సారంగపాణి. "ఉన్నది ఉన్నట్టు చెప్పు. మేం తట్టుకుంటం."

గోపాల్ వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత తలూపాడు.

మర్నాడు మంగళవారం, తన బ్యాచ్. సారంగపాణి లోపలికి అడుగుపెట్టగానే బెడ్ల మీద తలలన్నీ లేచాయి. మొగిలమ్మ లేచి కూర్చుని ఆయన్ని పైనుంచి కింది దాకా చూసింది, కాళ్ల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగి.

"ఏడ్సి ఏడ్సి నా కండ్లు వాసినయి. నా ఏడుపు వాపస్ ఇయ్యి సావుకారి."

"ఇయ్య" అన్నాడాయన. "గది నా కాన్నే ఉంచుకుంట."

ఆమె చేయి పట్టుకుని జరిగిందంతా చెప్పాడు, బెడ్లన్నీ వినేంత గట్టిగా. సూది వల్ల తనకేం కాలేదని, తన తెలివి వల్లే ప్రాణం మీదికి వచ్చిందని చెప్పాడు. ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు వార్డంతా పాకింది. చాన్నాళ్ల తర్వాత.

బుధవారం మొగిలమ్మ టీకాకి వస్తే, సారంగపాణి కూడా వెళ్లాడు. సూది పడగానే ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. సిస్టర్ అరగంట ఆగమంటే, ఇద్దరూ బయట బెంచీ మీద కూర్చున్నారు.

"నొస్తాంది" అంది.

"నొయ్యనియ్యి. మంచిదే."

"రేపు మిషన్ ఎక్కుదునా మరి?"

"ఎక్కు. నేను గూడ ఉంట గద, పక్కపొంటి."

మొగిలమ్మ భుజం మీద అరచేయి పెట్టుకుని, ఎదుటి రోడ్డు వైపు చూసింది. సిస్టర్ ఇక వెళ్లొచ్చని చెప్పింది. ఇద్దరిలో ఎవరికీ తొందరగా లేవాలనిపించలేదు.