మధ్యలో అక్షరాలు

కిరణ్ కుమార్‌కి బండి ప్రమాదం జరిగిందన్న కబురు వచ్చేసరికి స్టెల్లా బాపట్లలో, తను పాఠాలు చెప్పే ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఉంది. ఫోన్ చేసింది ఫయాజ్. పొద్దున్నే మంచులో రేపల్లె నుంచి తెనాలి వస్తూ, మలుపులో ఆగి ఉన్న గడ్డి ట్రాక్టరుని చూసుకోక గుద్దేశాడట.

"తలకి దెబ్బ తగిలింది స్టెల్లా. మాట లేదు. ఇక్కడే తెనాలిలో చేర్చారు. లోపల రక్తం గడ్డకట్టిందంట, గుంటూరు తీసుకెళ్ళి వెంటనే ఆపరేషన్ చేయించమంటున్నారు. అక్కడ ముందు డబ్బు కట్టాలంట."

"ఆరోగ్యశ్రీ లేదా?"

"వాడు ఇన్‌కమ్ టాక్స్ కడుతున్నాడుగా. రేషన్ కార్డు ఎప్పుడో తీసేశారు."

"అయితే మన వాలెట్ తెరుద్దాం."

"అందుకే చేశాను," అన్నాడు ఫయాజ్.

ముగ్గురూ ఆ కాలేజీలోనే చదువుకున్నారు. స్టెల్లా అక్కడే లెక్చరర్‌గా కుదురుకుంది. ఫయాజ్ తెనాలిలో సీసీ కెమెరాలు అమ్మి బిగించే దుకాణం పెట్టుకున్నాడు. కిరణ్ సొంతూరు రేపల్లెలోనే ఉండి, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల మీద తిరుగుతూ, ఏ చెరువు రొయ్య ఏ పెట్టెలోకి ఎక్కిందో బ్లాక్‌చెయిన్ మీద నమోదు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఊహించాడు. ఒకసారి అందులో రాసింది ఇంకెవరూ చెరపలేరు, దిద్దలేరు. ఆ గుణం కోసమే బయటి దేశపు కంపెనీ ఒకటి దాన్ని కొనుక్కుంది. ముగ్గురూ కలిసి కట్టిన ఆ పనికి డబ్బు డాలర్ నాణేల్లో వచ్చేది. నాణెమంటే చేతితో పట్టుకునేది కాదు, ఒక్కోటీ ఒక డాలరు విలువతో ఆ బ్లాక్‌చెయిన్ గొలుసు మీదే తిరిగే అంకె. తెనాలిలో ఒక ఆఫీసు తెరవాలని దాన్ని ఖర్చు పెట్టకుండా వాలెట్ అనే కంప్యూటర్ పెట్టెలో దాచుకుంటూ వచ్చారు.

దాచే పద్ధతి కిరణ్‌దే. అతనికి ఈ విద్య చరిత్రంటే పిచ్చి. మొదట్లో మొత్తం సొమ్ముకి ఒకటే తాళంచెవి ఉండేదట, కాగితం మీద రాసుకున్న కొన్ని మాటలు. ఆ కాగితానికి చెద పట్టినా అంతే, ఎవడైనా చూసినా అంతే. తర్వాత తాళంచెవిని ఇంటర్నెట్ మొహం చూడనివ్వకుండా లోపలే దాచుకునే బుల్లి పరికరాలు వచ్చాయి. ఆ తర్వాత గొలుసు మీదే షరతులు రాసే విద్య వచ్చింది. దాంతో ఒకే పెట్టెకి ముగ్గురి తాళాలు వేసి, ఏ ఇద్దరు ఒప్పుకున్నా తెరుచుకునేలా చెయ్యొచ్చు.

"ప్రతి కొత్త తాళం వెనకా ఎవడో ఒకడు నెత్తిన గుడ్డేసుకుని కూర్చున్నాడు," అనేవాడు కిరణ్. "వాడి పుణ్యాన మనం నేర్చుకున్నాం. ఒకడు పోవచ్చు, ఒకడి బుద్ధి మారొచ్చు. ఇద్దరం ఒకేసారి చెడిపోం కదా."

అలా బాపట్లలో ఒక పరికరం, తెనాలిలో ఒకటి, రేపల్లెలో ఒకటి. ఎవరికీ ఎవరి మీదా అనుమానం లేదు. అయినా చేశారు. నమ్మకం ఉన్నప్పుడే తాళం వేసుకోవడం మర్యాదని ముగ్గురూ అనుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఫయాజ్ ఆసుపత్రి వసారాలో కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు. నాణేలను అమ్మి రూపాయలు చేసే ఖాతా అతని పేరు మీదే ఉంది. ఇదివరకు సర్వర్ ఖర్చులకి ఒకటి రెండుసార్లు అక్కడికే పంపారు. పాత లావాదేవీల వరసలోంచి ఆ ఖాతా చిరునామా తీసుకుని, సొమ్ములో దాదాపు అంతా అక్కడికి పంపేలా తయారు చేసి, తన పరికరంతో సంతకం పెట్టాడు. స్టెల్లాకి ఫోన్ చేశాడు.

"నాది అయిపోయింది. నువ్వు కూడా ఓకే చెయ్యి. దేవకుమారి నా మొహంలోకే చూస్తోంది."

దేవకుమారి కిరణ్ భార్య.

స్టెల్లా బీరువాలోంచి పరికరం తీసి ఫోన్‌కి తగిలించింది. గోరంత తెర మీద చిరునామా కనిపించింది. అది నలభై పైచిలుకు అంకెలూ అక్షరాలూ కలగలిసిన పొడవాటి మాట. ఒక్క తెరలో పట్టదు, బటన్ నొక్కి ముందుకు జరుపుకుంటూ చదవాలి. మొదటి నాలుగూ చూసింది. పాతవే. చివరి నాలుగూ చూసింది. పాతవే. మధ్యలో ఉన్నవి జరుపుకుంటూ పోయింది. తలుపు దగ్గర పిల్లలు రికార్డులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఫయాజ్ చూసే ఉంటాడు కదా అనుకుంది. రెండు బటన్లూ కలిపి నొక్కింది.

రెండు సంతకాలు పడ్డాయి. పెట్టె తెరుచుకుంది.

సాయంత్రం ఆమె తెనాలి రైలెక్కి కూర్చున్నాక ఫయాజ్ మళ్ళీ ఫోన్ చేశాడు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"డబ్బు నా ఖాతాలో పడలేదు."

"ఆలస్యం అవుతుందేమో."

"గొలుసు మీద వెళ్ళిపోయినట్టే ఉంది. చేరినట్టే ఉంది. నా దగ్గరికి రాలేదు అంతే."

స్టెల్లా ఫోన్‌లోనే పాత చిరునామానీ కొత్తదాన్నీ ఒకదాని కింద ఒకటి పెట్టి చూసింది. తలలు ఒకటే, తోకలు ఒకటే. మధ్యలో ఉన్నది పూర్తిగా వేరు.

ఏం జరిగిందో ఆమెకి చెప్పాల్సిన పని లేదు. ఏటా విద్యార్థులకి చెప్పే పాఠమే అది. గొలుసు మీద ఎవరు ఎవరికి ఎంత పంపారో లోకమంతా చూడొచ్చు. దొంగలు కూడా చూస్తారు. నువ్వు తరచు పంపే చిరునామాని చూసి, మొదలూ చివరా అచ్చం దానిలాగే ఉండేదాన్ని పుట్టిస్తారు. దాని నుంచి విలువలేని లావాదేవీ ఒకటి నీ వరసలోకి వదుల్తారు. అది అక్కడ ముసుగేసుకుని కూర్చుంటుంది. ఎప్పుడో ఒకరోజు తొందరలో ఉన్నవాడు దాన్నే తన చిరునామా అనుకుని తీసుకుంటాడు. ఫయాజ్ అదే చేశాడు.

"నువ్వు చూడలేదా?" అంది స్టెల్లా.

"నువ్వు చూస్తావు కదా అనుకున్నాను."

"నువ్వు చూసే పంపావనుకున్నాను నేను."

పక్క పట్టాల మీద మరో బండి ఎదురొచ్చి దాటిపోయింది.

ఆసుపత్రిలో దేవకుమారి చేతిలో స్కానింగ్ కవరు పట్టుకుని నిలబడి ఉంది. పక్కన బెంచీ మీద కిరణ్ తండ్రి ముత్తయ్య మాస్టారు. స్టెల్లా వాళ్ళకి బంధువు కాదు, కానీ రేపల్లెలో ఒకే చర్చి సంఘం మనుషులు, చిన్నప్పటి నుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది.

"వచ్చిందా అక్కా?" అంది దేవకుమారి.

చెప్పడానికి స్టెల్లా చాలా కష్టపడింది. దొంగలు అంది, చిరునామా అంది. వాళ్ళిద్దరూ అలాగే చూస్తుంటే, ఇంకేం చెయ్యాలో తోచక ఫోన్ తెరిచి చూపించింది. డాలర్ నాణేల కంపెనీ మధ్యలో ఆపేయకుండా, దొంగలు దాన్ని అప్పటికే ఎవరూ ఆపలేని వేరే నాణేల్లోకి మార్చేశారు. తెర మీద ఆ చిరునామా, దాని కింద ఆ మొత్తం, కదలకుండా ఉన్నాయి.

"ఇదేనా?"

"ఇదే."

"ఇక్కడే ఉంది కదక్కా. కనపడుతోంది కదా. వెనక్కి తీసుకోండి."

"తీసుకోలేం దేవీ. తాళం వాళ్ళ దగ్గర ఉంది."

"మీరు కట్టిందే కదా ఇది. ఆయన, మీరూ కలిసి."

"మేం కట్టింది ఈ గొలుసు మీద. దీన్ని కాదు."

దేవకుమారికి ఆ తేడా అర్థం కాలేదు. ఆ క్షణంలో స్టెల్లాకి కూడా దానికి అర్థం ఉన్నట్టు అనిపించలేదు.

ఫయాజ్ ఇంటికెళ్ళి వాళ్ళమ్మ మున్నీ బీ గాజులు తెచ్చి తాకట్టు పెట్టాడు. స్టెల్లా కాలేజీ సొసైటీలో అప్పు తీసుకుంది. గుంటూరు ఆసుపత్రికి చేర్చేసరికి మర్నాడు పొద్దుపోయింది. ఆపరేషన్ చేశారు. కిరణ్ కళ్ళు తెరవలేదు. అదే వారంలో పోయాడు.

"ఆ రోజే తెచ్చుంటే బతికేవాడాండీ?" అని ముత్తయ్య మాస్టారు అడిగారు.

"చెప్పలేమండి. తెచ్చినా చెప్పలేం," అన్నాడు డాక్టరు.

స్టెల్లా ఆ మాటని చాలాసార్లు మనసులో తిప్పుకుంది. ఒకోసారి అది ఊరట అనిపించేది. ఎక్కువసార్లు అనిపించేది కాదు.

రేపల్లెలో భూస్థాపన అయ్యాక ఇంటి ముందు షామియానా కింద సంఘపెద్ద సుందరయ్య మాట ఎత్తాడు.

"డబ్బు ఎవరి ఖాతాకి పంపుతున్నామన్నారు? ఆ తెనాలి అబ్బాయిదే కదా. పంపింది అతనే. పోయిందన్నదీ అతనే. ఇందులో అర్థం కానిదేముంది?"

"స్టెల్లా కూడా ఉంది కదండీ," అన్నారెవరో.

"ఆ అమ్మాయి మన పిల్ల. అతను చెప్పింది నమ్మింది, అంతే."

స్టెల్లా అక్కడే, ఆడవాళ్ళ మధ్య చాప మీద కూర్చుని ఉంది. నోరు తెరిచి ఒక్కమాట అంటే సరిపోయేది. ఎవరో టీ గ్లాసు చేతికిచ్చారు. తాగింది. ఆ వారమంతా అక్కడే ఉండి, దేవకుమారికి తల దువ్వింది, వంటింట్లో సాయం చేసింది, వాళ్ళతోపాటు ప్రార్థనలో మోకరించింది. ముత్తయ్య మాస్టారు పోలీసులకి ఫిర్యాదు రాసినప్పుడు కూడా ఆమె ఆ ఇంట్లోనే ఉంది. అందులో ఫయాజ్ పేరు ఒక్కటే రాశారు.

తెనాలిలో పోలీసులు వచ్చి ఫయాజ్ దుకాణంలో కంప్యూటర్లు తీసుకెళ్ళారు. రేపల్లె స్టేషన్‌కి రమ్మని పిలిచి, పొద్దున్నుంచీ సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి పంపించేవాళ్ళు. దొంగతనాలు పట్టే కెమెరాలు బిగించేవాడే దొంగ అని బజారంతా చెప్పుకున్నారు. బిగించిన కెమెరాలు కూడా పీకి పట్టుకెళ్ళమన్నారు కొందరు. ఫయాజ్ స్టెల్లాకి ఫోన్ చెయ్యలేదు. చేసింది మున్నీ బీ.

"అమ్మాయ్, వాడు అన్నం ముట్టట్లేదు. నువ్వు చెప్తే రేపల్లె వాళ్ళు వింటారంట కదా. నువ్వెందుకు చెప్పట్లేదో నన్నడగొద్దన్నాడు. నేను అడగట్లేదు."

మర్నాడు స్టెల్లా రేపల్లె స్టేషన్‌కి వెళ్ళింది. ఎస్సై ముందు కుర్చీలో ముత్తయ్య మాస్టారు ఉన్నారు. ఫయాజ్ గోడ పక్క బెంచీ మీద ఉన్నాడు. స్టెల్లా తన ఫోన్‌లో ఆ లావాదేవీ తెరిచి ఎస్సై ముందు పెట్టింది.

"దీనికి రెండు సంతకాలు ఉన్నాయి సార్. మొదటిది ఫయాజ్‌ది. రెండోది నాది. నాది పడకపోతే డబ్బు కదిలేది కాదు. చిరునామా మొత్తం నాకు కనపడింది. నేను చదవలేదు."

"అంటే మీరూ చూడలేదన్నమాట."

"చూడలేదండి."

"లెక్చరర్ గారు కదా మీరు. ఇదే చెప్తారంట కదా పిల్లలకి."

"ఇదే చెప్తానండి."

ఎస్సై ఆమె పేరు కూడా రాసుకున్నాడు. ముత్తయ్య మాస్టారు ఫోన్ వైపు చూసి, ఆమె వైపు తిరిగారు.

"ఇది నీకు మొదటి నుంచీ తెలుసు కదమ్మా."

"తెలుసు బాబాయ్."

"తెలిసే వారం రోజులు మా ఇంట్లో అన్నం తిన్నావా?"

ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయారు. ఫయాజ్ బెంచీ మీంచి లేవలేదు.

"థాంక్స్ చెప్తానని చూడకు," అన్నాడు. "రెండు సంతకాలూ మొదటి రోజు నుంచీ అందులోనే ఉన్నాయి. చదవడం వచ్చినవాళ్ళం మనిద్దరమే."

కేసుని సైబర్ విభాగానికి పంపించామన్నారు పోలీసులు. అక్కడి నుంచి ఎవరూ రాలేదు. దొంగ చిరునామాలో సొమ్ము కొన్నాళ్ళు అలాగే ఉండి, ఒకరోజు ముక్కలై, ఇంకెన్నో చిరునామాల్లోకి చెదిరిపోయింది. స్టెల్లా ప్రతి ముక్కనీ చూసింది. అన్నీ కనపడుతూనే ఉన్నాయి. సంఘంలో ఆమె పక్కన కూర్చునేవాళ్ళు తగ్గారు.

వేసవిలో కంపెనీ నుంచి కిరణ్‌కి రావాల్సిన చివరి వాటా వాలెట్‌లో పడింది. పెద్ద మొత్తమేం కాదు. కిరణ్ పరికరం దేవకుమారి దగ్గరే ఉంది కానీ దాని పిన్ అతనితోనే పోయింది. తప్పు పిన్ కొన్నిసార్లు కొడితే అది తనని తాను తుడిచేసుకుంటుంది. కాబట్టి ఆ డబ్బు ఆమెకి అందాలంటే ఫయాజ్, స్టెల్లా ఇద్దరే మళ్ళీ సంతకాలు పెట్టాలి. దేవకుమారి ఒక బంధువు సాయంతో తన పేరు మీదే ఖాతా తెరిపించుకుని, ఒక్కతే తెనాలి వచ్చింది.

ఫయాజ్ దుకాణంలో సగం అరలు ఖాళీగా ఉన్నాయి. స్టెల్లా కుర్చీ జరిపితే దేవకుమారి కూర్చోలేదు. తన చిరునామాని పెద్దక్షరాలతో అచ్చేయించి తెచ్చిన కాగితం బల్ల మీద పరిచింది.

"పైకి చదవండి," అంది. "ఒక్కొక్కటి."

ఫయాజ్ తన పరికరం తెర చూస్తూ చదివాడు. సున్నా, ఎక్స్, ఏడు, బి, మూడు. దేవకుమారి వేలు కాగితం మీద ఒక్కో అక్షరం కిందా ఆగి జరిగింది. మధ్యలో అతనికి వరస తప్పింది. ఆగాడు. ఆమె వేలు అక్కడే ఉంచి ఎదురుచూసింది. మళ్ళీ చదివాడు. అతనిది అయ్యాక సంతకం పెట్టమంది. తర్వాత స్టెల్లా మొదలుపెట్టింది.

"నిదానంగా," అంది దేవకుమారి. "నాకు ఇంగ్లీషక్షరాలు తొందరగా రావు."

స్టెల్లా నిదానంగా చదివింది. తెర జరిపి ఆగి, ఆమె వేలు అందుకున్నాకే తర్వాతది పలికింది. చివరి అక్షరం దాకా సరిపోయింది. రెండు బటన్లూ నొక్కింది. దేవకుమారి తన ఫోన్‌లో డబ్బు పడేదాకా నిలబడి చూసింది. పడ్డాక కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"మంచినీళ్ళు తాగి వెళ్ళు దేవీ," అంది స్టెల్లా.

"రేపల్లె బండికి టైమవుతోంది," అంది ఆమె. కేసు గురించి ఏమీ అనలేదు. మెట్లు దిగి, స్టేషన్ వైపు వెళ్ళే ఆటో ఆపుకుని ఎక్కింది.

ఫయాజ్ లాప్‌టాప్ మూసేశాడు. వాలెట్‌లో ఇంకేం మిగల్లేదు. అతను తన పరికరాన్ని డ్రాయర్‌లో వేసి, బల్ల మీద సగంలో వదిలేసిన కెమెరా స్క్రూలు మళ్ళీ విప్పడం మొదలుపెట్టాడు. ఆమె కాసేపు కూర్చుంది. తర్వాత లేచి, బాపట్ల రైలు కోసం ఎండలోకి నడిచింది.