భోజనాలయ్యాక

అన్నం పొడిపొడిగా ఆరింది. పెదబాబు దాని మీద కాచిన నూనె పోసి, పసుపు చల్లి, రెండు చేతులూ పెట్టి అడుగు నుంచి పైకి కలపసాగాడు. గరిటె పెడితే మెతుకు విరుగుతుంది. గలిలయ సరస్సు ఒడ్డున హోటలు వెనక, చెత్త డబ్బాల పక్కన, అతనికి ఇచ్చిన చోటు అది. ఎండ ఇంకా కొండ దాటి రాలేదు.

ముంజేతుల మీద నూనె చిందిన పాత మచ్చలు రాగి రంగులో ఉన్నాయి. కుడిచేతి చిటికెన వేలు వంగిపోయింది, చాచినా చాచుకోదు. గోళ్లలో పసుపు ఏ సబ్బుకీ వదలదు. మోకాళ్లు రెండూ అరిగాయి. గుండిగ దించాలంటే ముందు గోడ పట్టుకుని కాసేపు నిలబడాలి. మండపేట చుట్టుపక్కల పెళ్లిళ్లకీ, జ్ఞాపకార్థ కూటాలకీ వండి వండి అరిగిపోయిన మనిషి.

సంఘం వాళ్లు పరిశుద్ధ దేశానికి వచ్చినప్పుడల్లా అతన్ని వెంట తెచ్చుకుంటారు. ప్రభువు నడిచిన నేల మీద కూడా వాళ్లకి చారూ పెరుగూ లేనిదే పూట గడవదు. పొద్దున్నే పొట్లాలు కట్టించుకుని బస్సెక్కి వెళ్లిపోతారు. పెదబాబు వెనక ఉండి రాత్రికి వండుతాడు. ఇన్నిసార్లు వచ్చి అతను చూసినవి హోటళ్ల వెనక గుమ్మాలే. ఊళ్లో మాత్రం యెరూషలేము పెదబాబు అంటారు. కల్వరి కొండ ఎలా ఉంటుందని పిల్లలు అడిగితే, ఎత్తుగా ఉంటుందని చెబుతాడు.

ఈసారి బయల్దేరక ముందే సంఘ కాపరి సత్యప్రసాద్ అయ్యగారి ఇంటికి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు.

"నా కాళ్లు ఇంక మొయ్యవండి అయ్యగారూ. ఇదే ఆఖరు. ప్రభువు మునిగిన యొర్దానులో మునగాలండి నేను."

"అలాగే, తప్పకుండా" అన్నారు అయ్యగారు. ఆయన అందరితోనూ అలాగే అంటారు.

ఈరోజు యొర్దాను. భోజనాలు రేవు దగ్గరే కాబట్టి పొట్లాలు కట్టలేదు. గిన్నెలే బస్సెక్కాయి, వాటితోపాటు అతనూ ఎక్కాడు. వెనక సీటులో పెరుగన్నం బకెట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముందు సీటులోంచి పాపాయమ్మ తిరిగి చూసింది. ఆమెది ద్వారపూడి. ఊడ్పులకీ కోతలకీ వెళ్లి నలుగురు పిల్లల్ని పెంచింది. ఆ నలుగురూ కలిసి ఆమెకి టిక్కెట్టు కొన్నారు.

"ఏంట్రా పెదబాబూ, కొత్త పెళ్లాన్ని పట్టుకున్నట్టు పట్టుకున్నావు బకెట్టుని?"

"ఒలికితే తిడతావు కదత్తా."

"నాకు పళ్లేవిరా తిట్టడానికి?"

"తిట్టడానికి పళ్లెందుకు నీకు?"

బస్సంతా నవ్వింది. అయ్యగారు మైకు తీసుకుని కీర్తన ఎత్తుకున్నారు.

రేవులో రాతి మెట్లు, వాటి పక్కన ఇనప కమ్మీలు. నీళ్లు ఆకుపచ్చగా, తొందర లేకుండా పోతున్నాయి.

"ఇదేనా?" అంది పాపాయమ్మ. "మా ఊరి కాలవంత లేదే!"

"అలా అనకూడదమ్మా" అన్నారు అయ్యగారు.

అందరూ తెల్ల గౌన్లు తొడుక్కున్నారు. మండపేటలో ఒకే దర్జీ కుట్టాడు వాటిని. వంటమనిషి కొలతలు తీసుకోవాలని ఎవరికీ తోచలేదు. పెదబాబు తన గళ్ల లుంగీ కట్టుకుని వరస చివర నిలబడ్డాడు. ఒక్కొక్కరే దిగి, మునిగి, ఏడుస్తూ నవ్వుతూ పైకొచ్చారు. పాపాయమ్మ మునక కూడా అయింది. అయ్యగారు గౌను చేతులు పిండుకుని వాచీ చూశారు.

"టైమైపోతోంది. వడ్డించెయ్ పెదబాబూ. నీ సంగతి భోజనాలయ్యాక చూద్దాం."

భోజనాలయ్యాక. అతని భార్య రూతు పోయిన రోజున అతను జంగారెడ్డిగూడెంలో ఒక పెళ్లికి వండుతున్నాడు. కబురు పొద్దున్నే పెళ్లివారికి చేరింది. చెబితే వంట ఆగిపోతుందని, ఆఖరి బంతి లేచాక చెప్పారు. అతను ఇల్లు చేరేసరికి పెట్టె మూసేశారు. ఆ పెళ్లివారిని అతను క్షమించలేదు. క్షమించమని ప్రసంగాలు చెప్పేవాళ్లకి మాత్రం వండిపెట్టాడు.

"లేదండి" అన్నాడు పెదబాబు. గొంతు పెంచలేదు. "ముందు మునుగుతానండి. అప్పటిదాకా గిన్నె మూత తియ్యను."

తడి గౌన్లలో వణుకుతున్నవాళ్లు పులిహోర గిన్నె వైపు చూశారు. తర్వాత అయ్యగారి వైపు చూశారు.

"సరే, దిగు. తొందరగా."

మెట్టు మెట్టుకీ కమ్మీ పట్టుకుంటూ దిగాడు. చల్లదనం మోకాళ్లని కొరికింది. నీళ్లు నడుముకి రాగానే అతని చెయ్యి తనంతట తనే చొక్కా జేబులోకి వెళ్లింది. రూపాయి బిళ్ల ఒకటి గాలిలో మెరిసి నీళ్లలో పడింది. రెండు చేతులూ జోడించాడు.

"ఏంటా పని!" అయ్యగారు అరిచారు. "అన్యుల ఆచారం! యొర్దానులో! నీకు మునకా లేదు ఏమీ లేదు, పైకి నడు!"

పెదబాబు తన చేతుల వైపు చూసుకున్నాడు. "అలవాటండి. బ్రిడ్జి మీద రైలు గోదారి దాటేటప్పుడు వేస్తాం కదండి. నది కనబడగానే..."

"పైకి నడు అన్నాను."

అతను కదల్లేదు.

గట్టు మీద, తల తుడుచుకుంటూ, పాపాయమ్మ అంది. "అయ్యగారండీ, మనం రాజమండ్రిలో రైలెక్కి గోదారి దాటేటప్పుడు, కిటికీలోంచి మీరు వేసింది ఏంటండి?"

అయ్యగారి చెవులు ఎర్రబడ్డాయి. "అది... చిల్లర చెయ్యి జారిందమ్మా."

"కళ్లు మూసుకుని మరీ జారిందండి."

ముందు ఎవరో ఒకరు నవ్వారు. తర్వాత గట్టంతా నవ్వింది. అయ్యగారు నవ్వలేదు. ఆయన నవ్వే మనిషి కాదు. కానీ అతన్ని ముంచడానికి చెయ్యి చాచారు.

నీళ్లు పెదబాబు తల మీదుగా మూసుకున్నాయి. చెవుల్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఇన్నేళ్లలో మొదటిసారి, నీళ్ల కింద, అతన్ని ఎవరూ అన్నం అడగలేదు. పైకి లేచేసరికి ముఖమంతా నీళ్లే. అందులో ఏవి ఏటివో, ఏవి కళ్లవో ఎవరూ చూడలేదు.

లుంగీ విప్పి పిండి కమ్మీ మీద ఆరేసి, ప్యాంటు తొడుక్కుని గరిటె కోసం వచ్చాడు. గరిటె పాపాయమ్మ చేతిలో ఉంది.

"కూర్చో."

"నీకు వడ్డన రాదత్తా."

"కూర్చోమన్నానా!"

గడ్డి మీద, మొదటి బంతిలో కూర్చున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

"ఉప్పు తగ్గింది."

"వండింది నువ్వేరా!"

బస్సెక్కేటప్పుడు అయ్యగారితో మెల్లగా చెప్పాడు. "వచ్చేసారికి వేరే మనిషిని చూసుకోండయ్యగారూ." ఆయన "ఊఁ" అన్నారు. ఉండమనలేదు. ఉండమన్నా పెదబాబు ఉండేవాడు కాదు. ఖాళీ గిన్నెల్ని వెనక సీటులో వదిలేసి ముందుకొచ్చి పాపాయమ్మ పక్కన కిటికీ దగ్గర కూర్చున్నాడు. రేపు యెరూషలేము. కల్వరి ఎంత ఎత్తుందో ఈసారి చూసి చెప్పాలి.

ఖర్జూరపు తోటలు దాటాక గుర్తొచ్చింది.

"అత్తా, లుంగీ మర్చిపోయాను."

"బండి ఆపమంటానుండు."

"వద్దులే" అన్నాడు.

యొర్దాను రేవులో, ఇనప కమ్మీ మీద, నీలం గళ్ల లుంగీ ఒకటి గాలికి ఊగుతోంది.