సాయంత్రపు నీళ్లు

టీ తాగడం అయ్యాక, అదే కప్పుతో తన సీసాలోంచి నీళ్లు కొలిచి స్ప్రే డబ్బాలో పోశాడు ఇస్త్రీ తాత. రోజుకు ఇన్నే నీళ్లని కట్టడి చేసిన డాక్టరమ్మ, టీ కూడా ఆ లెక్కలోకే వస్తుందని చెప్పినప్పటినుంచీ ఇదే పద్ధతి. తాగిన టీ మేరకు సీసాలోని నీళ్లు చొక్కాలకు దక్కుతాయి. పొద్దున భార్య నింపి ఇచ్చిన ఆ చిన్న సీసాతోనే రాత్రిదాకా గడపాలి.

ఒకప్పుడు ఆయన నీళ్లు తాగడం చూస్తే కుళాయికే జాలి వేసేది. పొద్దస్తమానం ఆవిరిలో నిలబడే పని మరి. బల్ల మీదికి వంగీ వంగీ మెడ ముందుకు సాగింది. కుడి ముంజేతి మీద పాత వాతలు నల్లగా మెరుస్తాయి. చొక్కా కాలరు పట్టుకున్నాడంటే మాత్రం ఆ వేళ్లకు ఈనాటికీ వణుకన్నది తెలియదు.

పోయిన వేసవిలో తల దిమ్ముగా ఉందన్నాడు. ఎండదెబ్బేనని భార్య చెంబులకు చెంబులు నీళ్లు పట్టించింది. రక్తంలో సోడియం, అంటే ఉప్పు, తక్కువని పరీక్షలో తేలేసరికి ఆవిడకు మనసు చివుక్కుమంది. తన వంటలో ఉప్పు చాలలేదని అన్నట్టే అనిపించింది. అంతే, కూరలు నోట పెట్టడానికి వీల్లేకుండా ఉప్పు దట్టించింది. ఆ ఉప్పుకు దాహం, ఆ దాహానికి మళ్లీ నీళ్లు. ఒకరోజు ఆయన పొద్దున మొదలుపెట్టిన చొక్కాను మధ్యాహ్నమైనా రుద్దుతూనే ఉన్నాడు. అన్నానికి పిలవడానికి వచ్చిన భార్యను చూసి, "బట్టలు సాయంత్రానికి అవుతాయమ్మా. ఏ పేరు మీద రాసుకోమంటారు?" అని మర్యాదగా అడిగాడు.

ఆ మర్యాదకే ఆవిడ హడలిపోయి ఆయన్ను ఆస్పత్రికి తీసుకెళ్లింది.

ఆస్పత్రిలో గాఢమైన ఉప్పు సెలైను బొట్టుబొట్టుగా ఎక్కించారు, మాటిమాటికీ రక్తం తీసి చూస్తూ. కాస్త తొందరగా ఎక్కించండమ్మా అని భార్య బతిమాలింది. "తొందరపడితే మెదడుకే దెబ్బ" అంది డాక్టరమ్మ. తెలివి వచ్చాక ఆయన ఆ మాట విని తలూపాడు. పట్టుబట్ట మీద పెట్టె వేడి ఎలా పెంచాలో ఎరిగినవాడు.

"మీకు తగ్గింది ఉప్పు కాదు పెద్దాయనా, ఎక్కువైంది నీళ్లు. ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోను ఒకటుంది. మీ ఊపిరితిత్తిలో గడ్డ దాన్ని అక్కర్లేకపోయినా తయారుచేస్తోంది."

గడ్డ ముదిరింది. దానికిచ్చే మందును ఆయన గుండె తట్టుకోదన్నారు. ఇంకెన్నాళ్లని ఆయన అడగలేదు.

"పోయేదాకా నాకు మనుషులు తెలుస్తారా అమ్మా?"

"నీళ్లు తగ్గించి, మాత్రలు మానకుండా, పరీక్షలకు వస్తూ ఉంటే, తెలిసేలా చూద్దాం."

"అయితే చాలు" అన్నాడు. అప్పటినుంచీ ఆయన నీళ్లు ఆచితూచి తాగే తీరు చూసి డాక్టరమ్మే ఆశ్చర్యపోయింది. నిన్నటి పరీక్షలోనూ సోడియం బాగానే ఉంది. అందుకే ఇవాళ ఆయనకు హుషారు.

చొక్కాలు తీసుకోవడానికి వచ్చిన టీచరమ్మ ఆయన ఎండిన పెదవులు చూసి తన చల్లటి నీళ్ల సీసా అందించింది.

"ఇంత వేడిలో గుక్కెడైనా తాగరా?"

"లోపలున్నవాటికే బయటికి దారి దొరకడం లేదమ్మా. కొత్తవాళ్లను పిలిచి ఎక్కడ కూర్చోబెట్టను?"

ఆవిడ నవ్వుతూ వెళ్లిపోయింది. కొట్టు వెనక తలుపు చాటున భార్య గబగబా నీళ్లు మింగుతున్న చప్పుడు ఆయన చెవిన పడింది.

"దొంగచాటుగా ఎందుకే? ఇలా వచ్చి తాగు. నేను చూస్తాను."

ఆవిడ ఎదురుగా కూర్చుని తాగింది. ఆయన చూశాడు. దాహం వేసింది, సంతోషమూ వేసింది.

మధ్యాహ్నం భోజనమయ్యాక భార్య పాత శాలువాను బల్ల మీద పరిచాడు. స్ప్రే కొట్టి, అంచులు సరిచేసి, నిదానంగా పెట్టె నడిపి మడత పెట్టాడు. సీసాలో రెండు గుక్కలు మిగిలాయి. అవి కొట్టు మూసేవేళ ఇద్దరూ గడప మీద కూర్చున్నప్పుడు తాగేవి. ఎంత దాహమేసినా ముందు ముట్టడు.

ఆస్పత్రి నుంచి వచ్చినప్పటినుంచీ రోజూ అడిగే ప్రశ్న భార్య అడిగింది. "నేనెవర్ని?"

"కూరలో ఉప్పు కుమ్మరించినదానివి."

"సరిగ్గా చెప్పండి."

"నా మనిషివి" అన్నాడు. అని, కుర్చీలో వెనక్కి వాలి, కాసేపు కళ్లు మూసుకుంటానన్నాడు.

నీడ గడప దిగేవేళకు ఆవిడ లేపడానికి వచ్చింది. భుజం తట్టింది. ముంజేయి పట్టుకుంది. చల్లగా ఉంది. మొహంలో తికమక ఏమీ లేదు, తెలిసిన మనిషి మొహమే. నేనెవర్నని మరోసారి అడిగింది. ఆయన ఒళ్లో తల పెట్టి ఏడ్చింది.

బల్ల మీద ఇస్త్రీ పెట్టె ఎప్పుడో చల్లారింది. దాని పక్కన, శాలువా మడత మీద, మూత బిగించిన సీసాలో ఆ రెండు గుక్కల నీళ్లు అలాగే ఉన్నాయి.