దసరా రంగు

ఎనిమిదో పూత గీకితే మళ్లీ ఆకుపచ్చే తేలింది. కృపానందం బ్లేడు కింద పడేసి, "మీ దసరా సల్లగుండ! ఇంకెన్ని పూసిన్రు?" అన్నాడు. వినడానికి షెడ్డులో ఎవరూ లేరు.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలోని ఆ రేకుల షెడ్డులో ముప్పై మూడేళ్లుగా అతను నిలబడింది ఇనుమును తిప్పుతూ కోసే ఈ లేత్ మిషన్ ముందే. ఏటా ఆయుధపూజకు మిగతావాళ్లు మిషన్లు తుడిచి, ఏ రంగు మిగిలితే ఆ రంగు పూసి, పసుపూ కుంకుమా పెట్టేవారు. పాత పూత గీకాలన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు. కృపానందం చర్చికి పోయే మనిషి, ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయేవాడు. పండగయ్యాక వచ్చి చూస్తే నూనె పోసే రంధ్రాలు కూడా భక్తిగా మూసుకుపోయి ఉండేవి. ఒక్కొక్కటే సూదితో పొడుచుకుంటూ పూటంతా తిట్టేవాడు. పై ఏడు మళ్లీ అదే తంతు.

ఇప్పుడు షెడ్డే పోతోంది. యజమాని నరేందర్ జాగా అపార్టుమెంట్లకు ఇచ్చేశాడు. మిగతా మిషన్లన్నీ ముక్కలై పాతినుములో కలిశాయి. ఈ ఒక్కదాన్ని రామంతాపూర్‌లో ఒక కాలేజీ తీసుకుంటానంది, అది ఏ దేశందో, నంబరెంతో చూపిస్తేనే. వాళ్ల సారు మధ్యాహ్నం వస్తాడు. తేలకపోతే సాయంత్రానికి దీన్నీ ముక్కలు కోయడానికి గ్యాస్ కట్టరు వస్తుంది. కంపెనీ పలక ఎక్కడుందో ఎవరికీ తెలియదు, అతను పనిలో చేరేనాటికే అది రంగు కింద పడిపోయింది. వారం రోజులుగా కృపానందం దీన్ని విప్పి, కడిగి, అరిగినచోట సరిచేసి మళ్లీ బిగించాడు. "గింత సాకిరి నాకెన్నడన్న జేసినవా?" అంది భార్య రూతు. అడగదగిన మాటే.

గీకేకొద్దీ ఏళ్లు వెనక్కి పోతున్నాయి. వెండిరంగు, అతని ఎడమ చూపుడువేలి కొస తెగిన ఏడు. నీలం, నరేందర్ ఇంటి గేటుకు వేయగా మిగిలింది. ఆ ఏడే కూతురు గ్రేసీ పుట్టింది. ఇంకా లోపల ఎరుపు, అతను కొత్తగా చేరిన ఏడు. పని నేర్పిన రామస్వామి అప్పుడే ఒక దెబ్బ కొట్టాడు, చెంప మీద. ఇనుపముక్కను పట్టి ఉంచే చక్కును బిగించాక, ఆ బిగించే కీని అందులోనే వదిలేసి స్విచ్ వేయబోయాడు కృపానందం. అట్లా తిప్పితే కీ ఎగిరొచ్చి తల పగలగొడుతుంది. "బిగించినంక కీ జేబుల వడాలె. సచ్చినా జేబులనే ఉండాలె," అన్నాడు రామస్వామి. అప్పటినుంచి అది కృపానందం జేబు దాటలేదు. చిల్కానగర్‌లోని ఇంటికీ జేబులోనే వెళ్లేది, పొద్దున జేబులోనే వచ్చేది. దాని బరువుకు చిరిగిన జేబులు కుట్టీ కుట్టీ విసుగు పుట్టి, "దీన్ని ఆడనే పెట్టి రారాదా?" అని రూతు రోజూ అడిగేది.

పదకొండున్నరకు ఇత్తడి పలక బయటపడింది. ఇన్నేళ్లూ అందరూ జర్మన్ మిషన్ అని గొప్పలు పోయింది తీరా చూస్తే చెకోస్లోవేకియాది. "ఒక్కనికన్న తెల్వదు," అనుకున్నాడు, తనకూ తెలియదన్న సంగతి గుర్తొచ్చి ఇంకా ఒళ్లు మండింది. కానీ నంబరు స్పష్టంగా ఉంది. అలవాటుగా ఒక కడ్డీ బిగించి, కీ జేబులో వేసి, స్విచ్ వేశాడు. సన్నగా ఒక కోత కోసి మైక్రోమీటరుతో కొలిచాడు. ఈ కొసా ఆ కొసా ఒక్కటే కొలత. చాలా సంతోషమేసింది. చెప్పుకోవడానికి ఎవరూ లేక మిషన్‌నే రెండుసార్లు తట్టాడు.

కాలేజీ నుంచి చిదంబరం సారు వచ్చి ఫోనులో ఏదో నింపుతూ తల గోక్కున్నాడు.

"గీ దేశం లిస్టుల లేదే?"

"దేశం పోయింది సార్. మిషన్ ఉన్నది."

"సరే, ఇతరములు అని పెడ్త."

"జర ఆగున్రి సార్, నడిపి జూపిస్త. మీ పిల్లలు దీని మీద నేర్సుకుంటే..."

"నడుపుడెందుకన్నా? మావోళ్లు కంప్యూటర్ మిషన్ల మీదనే నేర్సుకుంటరు. దీన్ని గేటు ముందల దిమ్మె కట్టి పెడ్తం. మస్తు రంగేసి."

కృపానందం చేతిలోని గుడ్డతో ఇత్తడి పలకను మరోసారి తుడిచాడు.

"ఏం రంగు సార్?"

"ఆకుపచ్చ మంచిగుంటది."

"పుయ్యున్రి. నూనె బొక్కలైతే ముయ్యకున్రి," అన్నాడు కోపం దిగమింగి. సారు చిన్నపిల్లాడికి తలూపినట్టు ఊపాడు.

మూడింటికి క్రేన్ వచ్చింది. లేత్ గాల్లో ఒక్కసారి ఊగి లారీలో కూర్చుంది. లారీ గేటు దాటి మలుపు తిరిగేదాకా కృపానందం నిలబడే ఉన్నాడు.

ఇంటికి పోయే షేర్ ఆటోలో కూర్చోగానే తొడకు గుచ్చుకుంది. తడుముకుని, నెత్తి కొట్టుకుని, ఫోన్ చేశాడు. "సార్, చక్ కీ నాతోని వచ్చింది. తెచ్చిస్త."

"ఉండనియ్యన్నా. దానితోని మాకేం పని?" అన్నాడు చిదంబరం.

ఇంట్లో రూతు ప్యాంటు తడపబోతూ జేబులోంచి కీ తీసింది. రోజూ అడిగే ప్రశ్న ఈసారి అడగకుండా, దాన్ని కిటికీలో పెట్టింది. ప్రతి దసరాకీ అతనితో పాటు ఇంట్లోనే ఉన్న ఆ కీ మీద ఒక్క రంగు చుక్క కూడా లేదు.