కంచె దాటిన చర్చి

సోమవారం పొద్దున బట్టలారేస్తున్న మేవిస్‌కి కంచె అవతల చిన్న చర్చి కనబడింది. చేతిలో దుప్పటి జారి బురదలో పడింది.

నిన్నటిదాకా అది బీట్‌దుంపల చేలకి ఆవల ఉంది. హాల్డర్‌బీ ఊళ్ళో చర్చిలు రెండు. పెద్దది కదలదు, పెళ్ళిళ్ళకీ క్రిస్మస్‌కీ అదే. చిన్నది మాత్రం ఎవరికి చావు దగ్గరపడితే వాళ్ళింటి వైపు, రోజుకో చేను చొప్పున వస్తుంది. ఆ ఇంటివాళ్ళు తలుపులు బిగించుకుంటారు. ఎంత బిగించుకున్నా ఆ వారంలో శవపేటిక లేవాల్సిందే.

పోస్ట్‌మాన్ చర్చిని చుట్టి వచ్చి, కళ్ళెత్తకుండా ఉత్తరాలిచ్చి వెళ్ళిపోయాడు. వెనకాలే పాస్టరమ్మ రోవెనా వచ్చింది.

"ఆదివారం ఆరాధన ఇక్కడే పెట్టుకోవాలి మేవిసమ్మా. మీకేం ఇబ్బంది లేదుగా?"

"ఎవరి కోసం వచ్చిందో చెప్పదా అది?"

"నాతో ఎప్పుడూ చెప్పలేదమ్మా."

మంగళవారం చర్చి కంచె దాటింది. బుధవారానికి దాని నీడ వంటింట్లో పొయ్యి మీద పడింది. మేవిస్ మొగుడు క్లిఫర్డ్ పొగగొట్టం పక్కన కుర్చీలో దగ్గుతున్నాడు.

"నా కోసమేలేవే. గడియ పెట్టు."

"నోర్ముయ్యి. రాత్రి నుంచీ నా గుండె దడదడలాడుతోంది. నాకే అయ్యుంటుంది."

"దీనిక్కూడా పోటీకొస్తావేం!"

మేవిస్ నవ్వలేదు. గడియ దాకా వెళ్ళి ఆగిపోయింది. ఉన్నట్టుండి మొగుడి కర్ర తీసి అతని చేతిలో పెట్టింది.

"నిన్ను నలుగురు మోసుకుపోతుంటే నేను చూడలేను. లే. మన కాళ్ళతో మనమే పోదాం."

"మతి పోయిందా?"

"పోయింది. లే."

ఇరవై అడుగులకి పావుగంట పట్టింది. లోపల చలి, మైనం వాసన. చివరి బల్ల మీద చేతులు పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ప్రాణం ఎటునుంచి పోతుందోనని మేవిస్ ఊపిరి బిగబట్టింది.

నేల అదిరింది.

కళ్ళు తెరిస్తే ఇద్దరూ బతికే ఉన్నారు. బయట, ఇంటి పొగగొట్టం కప్పు చీల్చుకుని కూలింది. క్లిఫర్డ్ కుర్చీ ఇటుకల కింద పిండై ఉంది.

ఊరంతా పరిగెత్తుకొచ్చింది. ఎవరో టీ తెచ్చారు. ఎవరో దేవుణ్ణి తలుచుకున్నారు. మేవిస్ చర్చి తలుపు వైపే చూస్తోంది.

పదకొండేళ్ళ కిందట ఇదే చర్చి వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడింది. "ఒక్కసారి నన్నందులోకి తీసుకెళ్ళవే తల్లీ" అని మంచం మీంచి అమ్మ రోజంతా బతిమాలింది. కిటికీ తెరలు లాగేసి, అమ్మ నోటి మీద చెయ్యి అడ్డం పెట్టి, ఊరుకోమన్నది మేవిసే.