పెదబాబు మెడలో తోలుపట్టీ

నేను ఒక తోలుపట్టీని. ప్రస్తుతం ఒక ముసలి కుక్క మెడలో ఉన్నాను. నవ్వుకోకండి. ఒకప్పుడు తునిలో ఎంతెంతవాళ్ళ గడ్డాలో నా దయ మీద ఆధారపడి ఉండేవి.

గేదెతోలును నానబెట్టి, గీకి, నూనె పట్టించి నన్ను తయారుచేసినవాడి పేరు నాకు తెలీదు. చేసినవాళ్ళ పేర్లు ఎవరికి కావాలి గనక. సింహాద్రి తండ్రి నన్ను కొని, తన సెలూన్‌లో కుర్చీ పక్కన కొక్కేనికి తగిలించాడు. గడ్డం గీసే ముందు కత్తిని నా ఒంటి మీద అటూ ఇటూ లాగి పదును పెట్టేవాడు. ఆ చప్పుడు వింటే చాలు, కుర్చీలో మనిషి మెడ తిన్నగా పెట్టుకునేవాడు. ఆయన పోయాక సింహాద్రి చేతికి వచ్చాను. ఇంతలో సగానికి విరిచి వాడుకుని అవతల పారేసే బ్లేళ్ళు దిగాయి. నా పని అయిపోయింది. పనికిరానిదాన్ని మనుషులు వెంటనే పారెయ్యరు. కళ్ళెదుటే వేలాడదీసి, చూడటం మానేస్తారు. పారేసినా బాగుండేది. పదహారేళ్ళు దుమ్ము కొట్టుకుపోయాను.

నా రాత మార్చింది సింహాద్రి భార్య నూకరత్నం. ఇంట్లో మిగిలిన అన్నం తీసుకెళ్ళి, ఊరి చివర ఉన్న కుక్కల ఆశ్రమంలో పెట్టి రావడం ఆవిడకు అలవాటు. అక్కడొక ముసలి కుక్క ఉండేది. ఎవరో కారులో తెచ్చి హైవే పక్కన దించేసి పోయారట. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటికి వెలుతురు తప్ప ఏమీ ఆనదు. వచ్చినవాళ్ళంతా కుక్కపిల్లల్ని ముద్దాడి ఎత్తుకుపోయేవారు. దీని వంక చూసేవారే లేరు.

"ఎవరూ వద్దన్నదాన్నే తెచ్చుకుంటానండి నేను," అంది నూకరత్నం.

"మనల్ని చూసేవాళ్ళే లేరు. మళ్ళీ మనం దాన్ని చూడాలేటి," అని సింహాద్రి గొణిగాడు. గొణుగుతూనే నన్ను కిందికి దించి, తుడిచి, కొలతకు కోసి, బకిల్ కుట్టించుకొచ్చాడు. నోటితో కాదంటూ చేత్తో చేసెయ్యడం ఆయన తీరు.

ఆశ్రమం నడిపే షాహిదా గారు షరతు పెట్టారు. "ఇరవై రోజులు చూస్తానండి. తింటూ తిరుగుతూ మీకు అలవాటుపడితే సంతకం పెట్టించుకుని ఇచ్చేస్తాను. లేదంటే తీసుకుపోతాను. ఇప్పటికే రెండిళ్ళ నుంచి తిరిగొచ్చింది. ఇంకోసారి ఎక్కువ రోజులు బాధపడనివ్వను."

నూకరత్నం దానికి పెదబాబు అని పేరు పెట్టింది. మొదటి రోజే ఆయనగారు బియ్యం బస్తా తడిపేశారు. మర్నాడు సింహాద్రి చెప్పుల్లో ఒకటి నమిలేశారు. నూకరత్నం అన్నిటినీ కడిగింది, దేనికీ తిట్టలేదు. వారం తిరిగేసరికి గుమ్మం ఎక్కడో, కుళాయి ఎక్కడో దానికి తెలిసిపోయింది. ఆవిడ గాజుల చప్పుడు వింటే తోకాడించేది. గిన్నెలో మెతుకు మిగిల్చేది కాదు.

అప్పుడొచ్చింది మంగళవారం. సెలూన్‌కి సెలవు. నూకరత్నం కూరగాయలకు వెళ్ళింది. ఖాళీగా కూర్చుంటే సింహాద్రి చేతులు ఊరుకోవు. పెదబాబును ఒళ్ళోకి లాక్కుని, చెవుల వెనక ఉండలు కట్టిన జుట్టు కత్తిరించాడు. ఎంత హాయిగా పెట్టిందో మొహం. అక్కడితో ఆగితే సరిపోయేది. మూతికి అటూ ఇటూ ఎగుడుదిగుడుగా నిక్కబొడుచుకున్న వెంట్రుకలు ఆయన కంటపడ్డాయి.

"ఏట్రా ఈ మీసాలు, చీపురు పుల్లల్లాగ," అంటూ వాటినీ నీటుగా సాపు చేసేశాడు.

చూపులేని ఆ జీవం గోడనీ, గిన్నె అంచునీ, ఆవిడ చేతినీ ఆ వెంట్రుకలతోనే ముందుగా పసిగట్టేదని మెడలో ఉన్న నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరేది.

సాయంత్రం అన్నం పెడితే మూతి వెళ్ళి స్టీలు గిన్నె అంచుకు తగిలింది. పెదబాబు ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడు. మళ్ళీ తగిలింది. ఇక గిన్నె దగ్గరికే రాలేదు. మర్నాడు బీరువాకు గుద్దుకున్నాడు. బుజ్జగిద్దామని నూకరత్నం మూతి మీద చెయ్యి వేస్తే, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీని ఆ చేతికి భయపడి పళ్ళు బయటపెట్టాడు. మూడో రోజుకి ఆవిడ ఓడిపోయింది.

"నా చెయ్యి దానికి పడలేదండి. మేడమ్‌గారికి కబురుపెట్టండి, తీసుకుపోతారు," అని గోడవైపు తిరిగి కూర్చుంది.

షాహిదా గారు వచ్చారు. పెదబాబుతో మాట్లాడుతూ మాట్లాడుతూ మూతి పట్టుకుని చూశారు.

"దీని మీసాలేవండీ?"

"మీసాలేటమ్మా?" అంది నూకరత్నం.

రాలిపోయాయని అనొచ్చు. ముసలి కుక్క, ఎవరైనా నమ్ముతారు. చెయ్యి తిరిగినవాడని ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో పేరున్న సింహాద్రి గొంతు సవరించుకున్నాడు.

"నేనే తీసేశానమ్మా. బాగుంటాదని."

"చూపులేనిదానికి అవే వేళ్ళండి," అన్నారు షాహిదా గారు.

నూకరత్నం భర్తను ఎగాదిగా చూసింది. "మూడ్రోజులై నా చేతిని తిట్టుకుంటన్నాను. మీ చెయ్యా ఇది."

షాహిదా గారు నా బకిల్‌కి తాడు తగిలించారు. సింహాద్రి ఆ తాడు రెండో కొస పట్టుకున్నాడు.

"మళ్ళీ వత్తాయా అమ్మా అవి?"

"వస్తాయి. రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా దీని పక్కన ఎవరు కూర్చుంటారు?"

"నేను కూర్చుంటాను. ఇరవై రోజులన్నారు కదండి, ఇంకా తొమ్మిది ఉన్నాయి. తప్పు నాదైతే దాన్నెందుకండి తిప్పడం."

షాహిదా గారు వంగి తాడు విప్పేశారు.

అప్పటి నుంచి సింహాద్రి మధ్యాహ్నాలు షట్టరు దించేసి ఇంటికి వచ్చేవాడు. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలిచేవాడు. చిన్న ముద్ద అరచేతిలో పెట్టుకుని, పెదబాబే వెతుక్కునేదాకా కదలకుండా కూర్చునేవాడు. మొదటి రోజు ముద్ద ఎండిపోయింది. రెండో రోజు వాసన చూశాడు. మూడో రోజు తిన్నాడు.

"మిట్టమధ్యాహ్నం కొట్టు మూసి ఏం వెలగబెడుతున్నావు సింహాద్రీ?" అని కోర్టు గుమాస్తా ఒకాయన వీధిలోంచి అడిగాడు.

"మీసాలు పెంచుతున్నానండి."

ఆయన సింహాద్రి నున్నటి మొహం చూసి, తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

నూకరత్నం మాత్రం దగ్గరికి వచ్చేది కాదు. అన్నం కలిపి ఇచ్చి దూరంగా నిలబడేది. పళ్ళు చూపించిన ఆ ఒక్కసారి ఆవిడ మనసులోంచి పోలేదు.

ఇరవయ్యో రోజు షాహిదా గారు కాగితంతో వచ్చారు. సింహాద్రి చేతిలో తింటున్న పెదబాబును చూసి, "మీకు అలవాటుపడ్డాడండి. పెట్టండి సంతకం," అన్నారు.

"నాకు కాదండి, కుక్క కావాలన్నది ఆవిడ," అంటూ సింహాద్రి ముద్ద తెచ్చి భార్య చేతిలో పెట్టాడు.

ఆవిడ నేల మీద కూర్చుంది. చెయ్యి చాపితే గాజులు గలగలమన్నాయి. పెదబాబు చెవులు నిక్కించాడు. నా కింద మెడ బిగిసింది, తర్వాత సడలింది. అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి ముద్ద తిన్నాడు. ఆ తర్వాత అరచేయి నాకాడు, మణికట్టు నాకాడు. సంతకం పెట్టడానికి చెయ్యి ఇస్తేనా.

ఆషాఢం వచ్చేసరికి మీసాలు ఎప్పటిలాగే ఎగుడుదిగుడుగా వచ్చాయి. పెదబాబు ఒళ్ళు చేశాడు, నేను బిగుతైపోయాను. సింహాద్రి తోలు కుట్టే ఆరె కాల్చి నాకు ఇంకో బెజ్జం పొడిచాడు. ఈ బతుకులో నేను చాలా గాట్లు పడ్డాను, ప్రతిదానికీ లోపల్లోపల ఏదో ఒకటి తిట్టుకున్నాను. ఆ బెజ్జానికి మాత్రం కిమ్మనలేదు.